ఎనిమిదో సిలువ

మా వీధిలోకి వారానికి రెండుసార్లు ఒకతను సైకిల్ మీద వస్తాడు. క్యారియర్‌కు రెండువైపులా నీలం డబ్బాలు కట్టి ఉంటాయి. "యాసి...డ్, ఫినాయి...ల్" అని సాగదీసి అరుస్తాడు. దిల్‌సుఖ్‌నగర్ వెనక గల్లీల్లో ఉండేవాళ్లందరికీ ఆ గొంతు తెలుసు. అది మలుపు తిరగ్గానే నేను లేచి కిటికీ మూస్తాను. మొదట్లో మా ఆవిడ "గాలాడ్తలేదు, ఎందుకు మూస్తున్నరు?" అనేది. ఇప్పుడు అడగదు.

పోయిన నెల సున్నమవ్వ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. హయత్‌నగర్ దాటి, హైవే దిగి, మట్టిదారిలో చాలాదూరం పోతే వచ్చే కొత్త సమాధుల తోటలో భూస్థాపన చేశాం. తలవైపు ఒక రేకు ముక్క పాతారు. దాని మీద ఎర్ర రంగుతో ఒక నంబరు ఉంది. ఆమె అసలు పేరు సంఘం రిజిస్టరులో ఉంది. సంఘ కార్యదర్శిని నేనే కాబట్టి ఆ రిజిస్టరు నా బీరువాలోనే ఉంటుంది. అయినా ఇక్కడ ఆ పేరు రాయను. పేరు వద్దని ఆమే చెప్పింది. ఆమె అడిగింది వేరే.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ అక్కడ ఉన్నన్నాళ్లూ ఆమె అందులో మామిడికాయలు ఏరే పని చేసింది. కళ్లతో చూసి ఏరేది కాదు. కాయను అరచేతిలో తిప్పి, తొడిమ దగ్గర బొటనవేలితో ఒక్కసారి నొక్కి, రేపటికి పండేది ఒక కుప్ప, ఎల్లుండికి పండేది ఒక కుప్ప, దూరం ఊళ్లకు పోవలసింది ఒక కుప్ప వేసేది. మాట్లాడుతూనే ఏరేది, కీర్తన పాడుతూనే ఏరేది. ఒకసారి చూడటానికి వెళ్లినప్పుడు, "చూడకుండ ఎట్ల తెలుస్తది అవ్వా?" అని అడిగాను. "కండ్లు మోసపోతయి బిడ్డా, వేలు మోసపోదు" అంది.

ఆ అలవాటు ఆదివారాలు కూడా పోయేది కాదు. చర్చిలో ఎన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నా ఆమె గుమ్మం పక్కన నేల మీదే కూర్చునేది. ఆరాధన ముగిశాక బయటికి వచ్చేవాళ్ల దండ పట్టుకుని, భుజం కింద బొటనవేలితో నొక్కి తీర్పు చెప్పేది. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మా పాస్టరు అయ్యగారు మొదటి ఆదివారం ప్రసంగం చేసి వస్తుంటే ఆయన్నీ వదల్లేదు.

"పచ్చిగున్నడు. గడ్డిల పెట్టాలె," అంది.

అయ్యగారు నావైపు తిరిగి, "ఏమంటున్నారండీ ఈవిడ?" అన్నారు.

"మెల్లగ పండుతరు అంటున్నది అయ్యగారూ."

ఆయన నవ్వారు. నన్ను మాత్రం ప్రతిసారీ అదే జాగాలో నొక్కి, "నువ్వు పండవు బిడ్డా, గిట్లనే ఎండుతవు" అనేది. పక్కనున్న ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. నాకు కోపం వచ్చేది కాదు. ఆమె నా దండ నొక్కని ఆదివారం ఏదో తక్కువైనట్టు ఉండేది.

సున్నమవ్వ అన్న పేరు సమాధి వల్ల వచ్చింది.

సరూర్‌నగర్ వైపు మా పాత సమాధుల తోట ఉంది. ఇప్పుడు దాని చుట్టూ అపార్టుమెంట్లు లేచాయి. బాల్కనీల్లో ఆరేసిన చీరల నీడ సమాధుల మీద పడుతుంది, బట్టల క్లిప్పులు రాలి పడుతుంటాయి. జాగా ఎప్పుడో నిండిపోయింది. కుటుంబ సమాధులు ఉన్నవాళ్లకు తప్ప అక్కడ కొత్తగా ఎవరినీ పెట్టరు. ఆ తోట మధ్యలో నిలువుగా పాతిన ఒక షాబాద్ బండ ఉంది. అది పంతొమ్మిదో శతాబ్దంలో సముద్రం దాటి వచ్చి ఇక్కడే చనిపోయిన ఒక మెథడిస్టు పాదిరి సమాధి రాయి. మేమంతా దొర సమాధి అంటాం. పైన ఇంగ్లీషులో ఆయన పేరు, రెండు తేదీలు ఉన్నాయి. కింద పాత తెలుగు అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. దానికింద, ఒకే వరసలో, గోరంత గోరంత సిలువలు ఏడు.

మా సంఘం కాగితాల్లో ఆయన గురించి నాలుగు ముక్కలే ఉన్నాయి. వచ్చారు, సువార్త చెప్పారు, బడి పెట్టారు, జ్వరంతో చనిపోయారు. మిగతాది సున్నమవ్వ దగ్గర ఉండేది. వాళ్ల అమ్మమ్మ నుంచి విన్నది. ఆమె ఎప్పుడూ మొత్తం జీవితం చెప్పలేదు. రెండే సంగతులు, మళ్లీ మళ్లీ చెప్పేది.

"దొర తట్టు మీద ఒచ్చేటోడు," అని మొదలుపెట్టేది. ఎత్తుగా, సన్నగా ఉండే మనిషి పొట్టి గుర్రం మీద కూర్చుంటే కాళ్లు నేలకు తగిలేవట. "వాడ మొదట్ల దిగెటోడు. ఎక్కి వాడలకు ఎన్నడు రాలె."

"ఎందుకు అవ్వా?"

"పెద్దోళ్ల ఇండ్ల ముంగట మావోళ్లు చెప్పులిడిసి నడిసేటోళ్లు. గది సూసిండు. గందుకే మా ఇండ్ల ముంగట ఆయన దిగి నడిసిండు."

ఇది చెప్పినప్పుడల్లా ఆమె వీపు నిటారుగా అయ్యేది.

రెండోది గత్తర, అంటే కలరా. వాడలో కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్లలో ఏడుగురు ఒకే వారంలో పోయారు. శవాలు మోయడానికి మనిషి రాలేదు. దొర ఒక్కడే గుంటలు తవ్వాడు. "చేతులు పలిగి నెత్తురు గారిందంట. పారగట్టె ఎర్రగయ్యిందంట." ఆ తర్వాత అది ఆయనకే అంటుకుంది. నా రాయి మీద వీళ్ల పేర్లు కూడా రాయండి అన్నాడట. రాయిని పట్నంలో చెక్కించి తెచ్చారు. దాని మీద ఆయన పేరు మాత్రమే ఉంది. ఆ ఏడుగురి పేర్లు పట్నంలో ఎవరికి తెలుసు? అప్పుడు వాడలో వాళ్లు ఒక రాళ్లు కొట్టేవాణ్ణి పిలిచి, కింద ఉన్న కొంచెం జాగాలో గుర్తులు పెట్టించారు. "ఆయనకు సదువు రాదు, మావోళ్లకు రాదు. సిలువ గొట్టొస్తది గద."

మొదటి సిలువ వాళ్ల అమ్మమ్మ తల్లిది. గత్తరలో తల్లి పోతే మిగిలిన చంటిపిల్లే ఆమె అమ్మమ్మ.

ఆ ఏడుగురూ దొర సమాధి చుట్టూ ఎక్కడో ఉన్నారు. ఎక్కడో ఎవరికీ తెలియదు. "దొరకు రాయున్నది బిడ్డా. మావోళ్లకు దొరనే రాయి," అనేది.

ఏటా మట్టల ఆదివారం దాటాక ఆమె సున్నం తడిపేది. గుడ్ ఫ్రైడే ముందు రోజు బకెట్‌లో సున్నం, చిటికెడు నీలిమందు, కొబ్బరిపీచు కుంచె తీసుకుని తోటకు వచ్చేది. దోవలో ఆటోవాళ్లు ఏడిపించేవాళ్లు.

"సున్నమవ్వా, మా ఇంటికి గూడ ఏస్తవా?"

"సచ్చినంక రా, మంచిగ ఏస్త."

రాయి పైనుంచి కింది దాకా మందంగా వేసేది. వేశాక, సున్నం ఆరకముందే, మోకాళ్ల మీద కూర్చుని చూపుడు వేలితో ఆ చివరి వరసను తుడిచేది. ఒక్కో సిలువలో వేలు పెట్టి సున్నం తీసి, ఒక పేరు చెప్పేది. ఏడు సిలువలు, ఏడు పేర్లు. చివరిది పాలు మరవకముందే పోయిన పసిబిడ్డది. అక్కడ వేలు కాసేపు ఉంచి, "దేవా, యాది మర్వకు" అనేది. ఆమె ప్రార్థన అంతే. మాలాగా పావుగంట ప్రార్థన చేయడం ఆమెకు రాదు. సున్నం తిని ఆ చూపుడు వేలు ఈస్టర్ నాటికి పగిలి ఉండేది.

నేను సండే స్కూల్లో పాతికేళ్లుగా లేఖనాలు కంఠస్థం చేయిస్తున్నవాణ్ణి. వంశావళుల్లో నోరు తిరగని పేర్లు కూడా తడుముకోకుండా చెప్తాను. ఈ ఏడు పేర్లు ఆమె నోట కనీసం పదిసార్లు విన్నాను. ఒక్కసారి కూడా రాసుకోలేదు. ఆమె ఉందిగా అనుకున్నాను.

మార్కెట్ అక్కడి నుంచి ఎత్తేశాక ఆమె చేతులకు పని లేకుండా పోయింది. కిరాయి గది అరుగు మీద కూర్చుని, ఊరికే బొటనవేలు చూపుడు వేలుకు రుద్దుకుంటూ ఉండేది. ఆ సంవత్సరం సున్నం వేసి, ఏడు పేర్లు చెప్పి, లేవకుండా అక్కడే కూర్చుంది.

"బిడ్డా, ఒకటి అడుగుత, ఇస్తవా?"

"చెప్పు అవ్వా."

"నాకు ఈడ జాగ లేదని తెలుసు. నన్ను యాడ పెడతరో పెట్టుండ్రి. మట్టి యాడైనా మట్టే. గని గీ చివర్ల ఇంకొకటి గొట్టియ్యి. ఎనిమిదోది."

"నీ పేరు రాపియ్యాల్నా?"

"పేరెందుకు? సదివెటోడు ఎవడున్నడు. సిలువ సాలు. మావోళ్ల పక్కన ఉంట."

పసిబిడ్డ సిలువ పక్కన ఇంకా రెండు వేళ్ల జాగా ఉంది. ఆమె ముందే కొలిచి చూసుకుంది.

"కొట్టిస్త అవ్వా."

"మాట?"

"మాట."

నా దండ పట్టుకుని నొక్కింది. "జర మెత్తవడ్డవు," అంది. అంత మంచి మాట నా గురించి ఆమె ఎప్పుడూ అనలేదు.

కొట్టించలేదు. ఈ నెల, వచ్చే నెల అనుకుంటూ పోయాను. ఈస్టర్ అయ్యాక, వర్షాలు పోయాక, క్రిస్మస్ హడావుడి తగ్గాక. ఆమె అడగలేదు. మాట ఇచ్చానుగా.

సంఘ వార్షికోత్సవం వచ్చింది. సావనీరు వేయాలని కమిటీలో నిర్ణయించాం. అయ్యగారు నన్ను పిలిచారు.

"సెక్రటరీ గారూ, అట్ట మీద దొరగారి సమాధే ఉండాలండీ. కానీ ఒక్క అక్షరం కూడా కనపడట్లేదు. సున్నం పెచ్చులు కట్టేసింది. రేపే ఫోటోగ్రాఫర్ వస్తాడు, ఏదన్నా చెయ్యండి."

అవ్వను అడిగాను. ఇన్నేళ్లు సున్నం వేసిన మనిషికి తీయడం కూడా తెలుసు. "నీళ్లు గొట్టి గోనెపట్ట కప్పుండ్రి. నాలుగు దినాలల్ల మెత్తవడి అదే రాలుతది," అంది.

"రేపే ఫోటో అవ్వా."

నాలుగు రోజులు ఆగమని అయ్యగారికి చెప్పి ఉండొచ్చు. ఫోటోగ్రాఫర్‌కు ఒక ఫోన్ చేసి ఉండొచ్చు. నేను గల్లీలోకి వచ్చిన సైకిల్ మనిషి దగ్గర రెండు సీసాల యాసిడ్ కొన్నాను.

పొద్దున్నే అయ్యగారూ నేనూ తోటకు వెళ్లాం. అవ్వ అప్పటికే వచ్చి, రాయి కింద ఎండిపోయిన పూలు ఏరి శుభ్రం చేసింది. ఆ సీసాలు చూసి అడిగింది, "గిది రాయికి మంచిదేనా బిడ్డా?"

"బాత్‌రూం బండలకు వాడేదే అవ్వా. అద్దంలెక్క మెరుస్తయి."

పైనుంచి పోశాను. సున్నం బుసబుసమని పొంగింది.

"పొంగుతున్నది బిడ్డా."

"మురికి పోతున్నది అవ్వా."

"మురికి గాదు. పాలు పొంగినట్టు పొంగుతున్నది."

నాకు నవ్వొచ్చింది. రెండో సీసా కూడా పోశాను. పైభాగం బ్రష్‌తో రుద్ది, తెచ్చుకున్న కాసిని నీళ్లతో కడిగాం. అక్షరాలు బయటపడ్డాయి. అయ్యగారు దొర పేరు పైకి చదివి, "దేవునికి స్తోత్రం!" అన్నారు. నేనూ స్తోత్రం అన్నాను. అవ్వ కూడా అంది.

కింద మా యూత్ కట్టిన సిమెంటు గట్టు ఉంది. పోసినదంతా జారి, ఆ గట్టు లోపల పళ్లెంలో నిలిచినట్టు నిలిచింది. అవ్వ వంగబోతే నేనే ఆపాను.

"ముట్టకు అవ్వా, చెయ్యి కాలుతది. చాయ్ తాగొచ్చి మేమే కడుగుతం."

చాయ్ హోటల్లో అయ్యగారికి టెంట్‌వాళ్ల ఫోన్ వచ్చింది. ఆ మాటలు తెగలేదు. మేము తిరిగి వచ్చేసరికి గంట దాటింది. అవ్వ కుళాయి నుంచి రెండు బకెట్ల నీళ్లు మోసుకొచ్చి పక్కన పెట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"నీళ్లు తెచ్చినవు గద, పోయకపోయినవ్?" అన్నాను.

"నువ్వు ముట్టకు అన్నవ్ గద."

నీళ్లు గుమ్మరించాను. నురుగు పోయింది. ఆమె మోకాళ్ల మీద కూర్చుని, చూపుడు వేలు ఎడమ అంచున పెట్టి, కుడివైపు జరిపింది. వేలు ఎక్కడా ఆగకుండా అంచు దాకా పోయింది. మళ్లీ మొదటి నుంచి జరిపింది. మళ్లీ పోయింది.

"ఆగుత లేదు బిడ్డా," అంది.

షాబాద్ బండ సున్నపురాయే. సున్నాన్ని తినేది దాన్నీ తింటుంది. ఈ సంగతి ఆ తర్వాత చాలామంది చెప్పారు. కింది భాగం పొరలు లేచి, గరుకుగా, తెల్లగా, ఖాళీగా ఉంది. పట్నంలో చెక్కిన లోతైన అక్షరాలు మిగిలాయి. చదువురాని మనిషి కొట్టిన గోరంత సిలువలు మిగల్లేదు.

ఫోటో చాలా బాగా వచ్చింది. సావనీరు చూసి అందరూ మెచ్చుకున్నారు. కింద బాగాలేదని ఆ భాగం కోసేసి అచ్చువేశారు.

ఆ తర్వాత నేను చేయగలిగిందంతా చేశాను. సంఘంలో అందరి ఫోన్లూ అడిగి, ఎన్నో ఈస్టర్ల ఫోటోలు వెతికాను. దొర సమాధి ఉన్న ప్రతి ఫోటోలో ఆ వరస మీద పూలదండలు ఉన్నాయి, కొవ్వొత్తులు ఉన్నాయి. ప్రేమతో పెట్టినవే అన్నీ. సిలువలు ఒక్క ఫోటోలో కూడా లేవు.

నోట్‌బుక్ తీసుకుని అవ్వ గదికి వెళ్లాను. "ఆ ఏడు పేర్లు చెప్పు అవ్వా, రాసుకుంట," అన్నాను. మొదటిది చెప్పింది, వాళ్ల అమ్మమ్మ తల్లి పేరు. రెండోది చెప్పింది. మూడోదాని దగ్గర ఆగింది. చూపుడు వేలు చాప మీద పెట్టి జరిపింది. గోడ మీద పెట్టి చూసింది. చాలాసేపటికి చేయి తీసేసింది.

"వేలికి తెలుసు బిడ్డా. నోటికి తెల్వది."

నోట్‌బుక్‌లో ఆ పేజీలో రెండు పేర్లు ఉన్నాయి. వాటి కింద పేర్లు లేని ఐదు అంకెలు వేసి ఉన్నాయి.

నేను విశ్వాసిని. కాపరికి తన గొర్రెలన్నీ పేరుపేరునా తెలుసని పిల్లలకు నేర్పిస్తాను, నమ్ముతాను కూడా. కడబూర మోగిన రోజున ఆ ఏడుగురూ ఆయన పిలిస్తే పలుకుతారు. అందులో నాకు సందేహం లేదు. నా పాపం ఆయన క్షమించాడని కూడా నాకు తెలుసు. కానీ ఆయనకు తెలుసు కదా అన్న ధైర్యంతోనే నేను రాసుకోకుండా ఉన్నాను. ఆ ధైర్యాన్ని ఏ పేరుతో పిలవాలో నాకు ఏ ప్రసంగంలోనూ దొరకలేదు.

మరుసటి ఈస్టర్‌కు అవ్వ సున్నం తడపలేదు. అయినా నేను ఆమెను ఆటోలో తోటకు తీసుకెళ్లాను. ఎల్బీనగర్ రోడ్డు పక్కన గ్రానైట్ మీద పేర్లు చెక్కే ఒకతన్ని ముందే పిలిచి ఉంచాను. అతను రాయి కిందిభాగం గోటితో గీకాడు. పెచ్చు ఊడి అతని చేతిలోకి వచ్చింది.

"ఈడ ఉలి పెడితే మొత్తం ఊడుతది సార్. పైన దొర పేరు కింద జాగ మంచిగుంది, గట్టిగుంది. ఆడ కొడత. ఎన్ని సిలువలు?"

"ఎనిమిది," అన్నాను.

అవ్వ నావైపు చూసింది. కోపం లేదు. మార్కెట్లో కాయ చేతిలో తిప్పి, ఏ కుప్పలోనూ వేయకుండా పక్కన పెట్టేటప్పుడు అలా చూసేది.

"వద్దు బిడ్డా."

"నువ్వడిగిందే గదా అవ్వా. మాట ఇచ్చిన."

"అడిగిన. అప్పుడు ఆడ మావోళ్లు ఉండె." కొంగుతో వేలు తుడుచుకుంది. "ఏడు లేనంక ఎనిమిది ఎట్లయితది?"

రాళ్లు చెక్కే అతను మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఉలి సంచిలో పెట్టుకున్నాడు.

లేవడానికి ఆమెకు కష్టమైంది. నేను వంగి చేయి అందించాను. నా దండ పట్టుకుని లేచింది. గేటు దాకా, అక్కడి నుంచి ఆటో దాకా, అదే చోట పట్టుకుని నడిచింది. ఇప్పుడు నొక్కుతుంది, ఏదో ఒకటి అంటుంది అని నేను అడుగడుగునా ఎదురుచూశాను. కర్రను పట్టుకున్నట్టు పట్టుకుంది. ఆటో ఎక్కాక వదిలేసింది.